పాలపళ్ళ సాక్ష్యము

తరగతిలో ఒక బాలుడు నిలకడగా కూర్చోడు, చెప్పినది గుర్తుంచుకోడు. "మొద్దు" అన్న పేరు అతనికి సులభంగా అంటుకుంటుంది. లోపము బుద్ధిలో ఉన్నదా, ఒంట్లో చేరిన లోహములో ఉన్నదా? ఈ ప్రశ్నకు హెర్బర్ట్ నీడిల్‌మన్, ఆయన సహచరులు 1979లో ప్రకటించిన పరిశోధన నేటికీ పరిశీలింపదగినది.

హెచ్చు మోతాదులో సీసము విషమని అంతకు పూర్వమే తెలుసు. మూర్ఛ, కడుపునొప్పి వంటి లక్షణాలు లేకుంటే హాని లేదని మాత్రం పలువురు భావించేవారు. రక్తపరీక్ష ఈ సందేహాన్ని తీర్చలేదు. అది ఇటీవల చేరిన సీసాన్నే ముఖ్యంగా చూపుతుంది. అయితే కాల్షియం ఉండవలసిన చోట సీసము చేరి, ఎముకలలోను పళ్ళలోను ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. అందుచేత నీడిల్‌మన్ బృందం అమెరికాలోని చెల్సీ, సోమర్‌విల్ పట్టణాల బడిపిల్లల ఊడిన పాలపళ్ళను సేకరించి, వాటిలోని సీసాన్ని కొలిచింది. సీసము హెచ్చుగా ఉన్న 58 మందిని, తక్కువగా ఉన్న 100 మందిని పోల్చగా, మొదటివారి ప్రజ్ఞాలబ్ధి సగటున నాలుగైదు అంకెలు తక్కువగా ఉన్నది. 2,146 మంది పిల్లల నడవడిని వారి ఉపాధ్యాయులే అంచనా కట్టారు. సీసము పెరిగినకొద్దీ తరగతిలో ఇబ్బందులు పెరిగాయి.

పళ్ళను సాక్షులుగా పిలవడం ఈ పరిశోధనకు బలము. బలహీనతలు కూడా లేకపోలేదు. పలు కారణాలపై చాలామంది పిల్లలను పోలిక నుండి తప్పించారు. పాత రంగు పెచ్చులూడే ఇంట్లో పేదరికమూ ఉండవచ్చు, నష్టము దేనివల్ల? పరిశోధకులు తల్లిదండ్రుల చదువు మొదలైనవాటిని లెక్కలో సర్దుబాటు చేసినా విమర్శకులు తృప్తిపడలేదు. 1991లో మోసమన్న ఆరోపణ కూడా వచ్చినది. విచారణలో అది రుజువు కాలేదు.

అసలు సమాధానం తరువాతి పరిశోధనలు ఇచ్చాయి. పిల్లలను పసితనం నుండి గమనించిన 7 అధ్యయనాలలోని 1,333 మంది వివరాలను 2005లో కలిపి చూడగా, సీసము స్వల్పంగా ఉన్నప్పుడు కూడా నష్టము కనిపించినది.

సగటు లెక్క ఏ ఒక్క బాలుని రోగాన్నీ నిర్ణయించదు. నడవడి చూచి సీసమని తేల్చరాదు, రక్తపరీక్ష అవసరము. భారతదేశంలో 2000లో పెట్రోలు నుండి సీసాన్ని తొలగించారు; ఇంటి రంగులలో దానిని పది లక్షల పాళ్ళకు 90కి పరిమితం చేస్తూ 2016లో నిబంధనలు వచ్చాయి. పాత గోడలపై పాత రంగులు మాత్రం నిబంధనలు రాగానే మాయం కావు. "మొద్దు" అన్న మాట పలికే ముందు ఆ గోడనూ ఒకసారి చూడాలి.