తేలిక విమానముల నిబంధనలు – ఒక విమర్శ

పులికాటు సరస్సుకు శీతకాలమున వచ్చు ఫ్లెమింగో పక్షులను చూచినవారు ఒక సంగతి గమనించి యుందురు. కొంగ తాను నిలిచిన చోటినుండియే రెక్కలు విదలించి లేచిపోవును. ఫ్లెమింగోకు అది సాధ్యము కాదు. అది నీటిపై కొంతదూరము పరుగిడి, తగినంత వేగము చిక్కిన పిదపనే గాలిలోనికి లేచును. దిగునపుడును నాలుగడుగులు పరుగిడి గాని ఆగదు. బరువుకు తగినంత రెక్క లేనిచో ఆ లోటును వేగముతో పూడ్చుకొనవలసినదే.

విమానమునకును ఇదే నియమము. రెక్క కలిగించు ఉత్థాపక బలము గాలి సాంద్రతపైన, రెక్క వైశాల్యముపైన, వేగము యొక్క వర్గముపైన ఆధారపడి యుండును. వేగము తగ్గినకొలది చోదకుడు విమానపు ముక్కును పైకెత్తి, గాలికెదురుగా రెక్క వాలును పెంచి, ఆ బలమును నిలుపుకొనును. వాలు ఒక హద్దు దాటగనే రెక్కను అంటి ప్రవహించు గాలి విడిపోవును. ఉత్థాపక బలము పడిపోవును. దీనినే స్టాల్ అందురు. ఏ వేగమునకు దిగువన విమానము గాలిలో నిలువజాలదో అది దాని స్టాల్ వేగము. విమానము నేలకు దిగునపుడు కూడ ఇంచుమించు ఈ వేగమునకు సమీపముననే దిగవలెను. కనుక ప్రమాదము సంభవించినపుడు నేలను తాకు వేగమును నిర్ణయించునది చాల వరకు ఈ సంఖ్యయే.

సరదాకై ఎగురు చిన్న విమానములకు నియమములు చేయువారు చాలకాలము ఈ సంఖ్యను రెండవ స్థానమున నుంచి, బరువును మొదటి స్థానమున కూర్చుండబెట్టిరి. అమెరికాలో ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ 2004లో తేలిక క్రీడా విమానములను ఒక ప్రత్యేక తరగతిగా గుర్తించినది. నేలపైనుండి లేచు విమానమైనచో మొత్తము బరువు సుమారు 600 కిలోలు మించరాదు, స్టాల్ వేగము గంటకు 83 కిలోమీటర్లు దాటరాదు, ఆసనములు రెండే. మన దేశమునందు మైక్రోలైటు అను తరగతికి 450 కిలోల హద్దు పెట్టిరి. తూచుట సులభము, వాదులాటకు తావులేదు. అధికారులకు తక్కెడ యన్న మక్కువ యెక్కువ.

2025 జూలైలో అమెరికావారు ఈ పద్ధతిని మార్చిరి. బరువు హద్దును పూర్తిగా తీసివేసి స్టాల్ వేగమునే ముఖ్యమైన కొలతగా నిలిపిరి. క్రీడా చోదకుడు నడుపదగిన విమానమునకు ఆ హద్దు ఇప్పుడు గంటకు సుమారు 109 కిలోమీటర్లు. నాలుగు ఆసనములున్న విమానమును నడుపవచ్చును గాని ఒక్క ప్రయాణికునే ఎక్కించుకొనవలెను. చోదకులను గూర్చిన భాగము 2025 అక్టోబరు 22 నుండి అమలులోనికి వచ్చినది. విమానముల నిర్మాణమును గూర్చిన భాగమునకు 2026 జూలైని గడువుగా నిర్ణయించిరి.

ఈ మార్పు మంచిదేనా? సగము మంచిదని నా అభిప్రాయము. ఆ సగమును మన దేశపు విమానముతోనే చూపవచ్చును. బెంగుళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబరేటరీస్ వారు నిర్మించిన హంస-3 రెండు ఆసనముల శిక్షణ విమానము. 2000 సంవత్సరమున దానికి యోగ్యతాపత్రము లభించినది. దాని బరువు హద్దు 750 కిలోలు. అది ఏ ప్రమాణముల ననుసరించి పరీక్షింపబడెనో వానిలో, రెక్కల ఫ్లాపులు దించినపుడు స్టాల్ వేగము గంటకు 83 కిలోమీటర్లు దాటరాదన్న నియమము కలదు. అనగా నెమ్మదిగా దిగగల బుద్ధిమంతమైన విమానమిది. అయినను 600 కిలోల నిబంధన ముందు నిలిపినచో తక్కెడ దగ్గరనే దీనిని వెనుకకు పంపివేయుదురు. దీని తరువాతి రూపమగు హంస-ఎన్.జి.ని 2022 ఫిబ్రవరి, మార్చి నెలలలో పుదుచ్చేరికి తెచ్చి సముద్రమట్టమున పరీక్షించిరి. బెంగుళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. అక్కడి పలుచని గాలిలో కనబడిన నడవడి కోరమాండల్ తీరపు చిక్కని గాలిలో ఎట్లుండునో కొలిచి చూడవలసినదే గదా! తక్కెడ ఈ తేడాను చెప్పలేదు.

రెండవ సగము సంగతి చూతము. నెల్లూరు తీరమున ఒక చిన్న విమానపు ఇంజను ఆగిపోయినదనుకొందము. దగదర్తి విమానాశ్రయము ఏండ్లుగా ప్రతిపాదనలలోనే నలుగుచున్నది. చోదకునకు క్రింద కనబడునవి రొయ్యల గుంటలు, వాని గట్లు, ఇసుక తిన్నెలు, చేపలెండబెట్టుకొను జనము. 30 మీటర్లలో ఆగవలెననుకొన్నచో, గంటకు 83 కిలోమీటర్ల వేగముతో తాకిన విమానమున కూర్చున్నవానిపై పడు బలము అతని బరువులో ఇంచుమించు తొమ్మిది పదవ వంతులు. వేగము 109 కిలోమీటర్లైనచో అది అతని బరువుకు ఒకటిన్నర రెట్లు దాటును. వేగము మూడవ వంతు కూడ పెరుగలేదు. బలము మాత్రము డెబ్బది శాతము పెరిగినది. ఇందు విమానపు బరువు ఎక్కడను రాలేదన్న సంగతి విద్యార్థులు గమనింపవలెను. లోపలివానికి సంబంధించినంతవరకు అమెరికావారి తర్కము సరియైనదే.

గట్టుమీద నిలుచున్నవాని సంగతి వేరు. అతనికి ఎదురు వచ్చునది విమానపు గతిజ శక్తి యంతయు. 600 కిలోల విమానము 83 కిలోమీటర్ల వేగమున మోసికొని వచ్చు శక్తి సుమారు 160 కిలోజౌళ్ళు. 1000 కిలోల విమానము 109 కిలోమీటర్ల వేగమున వచ్చినచో 460 కిలోజౌళ్ళు. విమానమెక్కినవాడు ప్రమాదమును ఎరిగి ఎక్కెను. వలలు బాగుచేసికొనువాడు దేనికిని సంతకము చేయలేదు. బరువును పూర్తిగా లెక్కలోనుండి తీసివేసిన నిబంధన ఈ రెండవవానిని మరచినదని చెప్పక తప్పదు.

యోగ్యతను ఎవరు నిర్ణయింపవలె నన్నది మరియొక ప్రశ్న. పెద్ద విమానమునకు ప్రభుత్వమే పరీక్షించి పత్రమిచ్చును. తేలిక క్రీడా విమానము విషయమున అందరు ఒప్పుకొనిన ప్రమాణముల ప్రకారము చేసితినని నిర్మాతయే ప్రకటించును. దీనివలన ధర తగ్గును, క్రొత్త నమూనాలు త్వరగా వచ్చును, నిజమే. కాని శ్రీహరికోట కేంద్రము ఎవరి పేర నున్నదో ఆ సతీష్ ధావన్ గారి పని ఒకటి ఇక్కడ తలంపవలెను. 1970 దశకపు తొలి యేండ్లలో ఆవ్రో విమానముల యోగ్యతపై సందేహములు రాగా ప్రభుత్వము ఆ విచారణ ఆయనకు అప్పగించినది. ఒక ఇంజను ఆగినపుడు ఆ విమానము ఎంతమాత్రము పైకి ఎగబ్రాకగలదన్నది అందలి ముఖ్య ప్రశ్న. నిర్మాత గ్రంథములో వ్రాసిన సంఖ్యతో తృప్తిపడక, విమానమును ఎగురవేసి కొలిచి చూచిరి. చిన్న విమానమునకు అంతటి విచారణ అక్కరలేదనుడు. ఎవరో ఒకరు, నిర్మాత జీతము తీసికొననివారు, కొలిచి చూచుట మాత్రము అక్కరయే.

చోదకుల నియమములను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. అమెరికాలో క్రీడా చోదకునకు కనీసము 20 గంటల శిక్షణ. కారు నడుపు లైసెన్సునే ఆరోగ్యమునకు సాక్ష్యముగా ఒప్పుకొందురు. మన దేశమున ప్రైవేటు పైలట్ లైసెన్సుకు 40 గంటలు, 17 ఏండ్ల వయస్సు, వైద్యపరీక్ష కావలెను. మన పద్ధతియే నాకు నచ్చును. నెల్లూరు తీరమున మధ్యాహ్నము సముద్రపు గాలి తిరుగు వేళ, ఎదురుగా గూడబాతుల గుంపు వచ్చుచుండగా, ఇరువది గంటల అనుభవము చాల స్వల్పము. రాకెట్టు ప్రయోగ దినములలో శ్రీహరికోట పరిసరముల గగనమును మూసివేయుదురు. ఆ ప్రకటనలను చదివి అర్థము చేసికొనుట కూడ చోదకుని చదువులో భాగమే.

నాకు అసలు అసంతృప్తి కలిగించునది మరమ్మతుదారుని గూర్చిన అధ్యాయము. 2004 నాటి నియమముల ప్రకారము 16 గంటల పాఠము విన్న యజమాని తన విమానమును తానే ఏటేట తనిఖీ చేసికొనవచ్చును. ఇతరుల విమానములను బాగుచేయుటకు 120 గంటల శిక్షణ కావలెను. 2025 మార్పులో ఈ రెండవ శిక్షణకు గంటల లెక్కను విడిచి, ఏ ఏ పనులు తెలిసియుండవలెనో వానిని ప్రమాణముగా పెట్టిరి. ఇది మెచ్చదగిన సంగతి. బడిలో కూర్చున్న గంటలు విద్య కాజాలవని ఉపాధ్యాయులకు వేరుగా చెప్పవలెనా? అయితే తనిఖీ కాలమును మాత్రము పన్నెండు నెలలకొకసారి యనియు, అద్దెకు శిక్షణ నిచ్చు విమానమైనచో 100 గంటల ఎగురుటకొకసారి యనియు ఉంచిరి. ఎండ తప్ప మరేమియు లేని ఎడారిలోని విమానమునకును, అలల తుంపర పడు తీరమున నిలిపిన విమానమునకును ఒక్కటే లెక్క!

ఉప్పు గడియారము చూడదు. విమానమునకు వాడు అల్యూమినియము మిశ్రలోహములలో ముఖ్యమైన దానియందు సుమారు నాలుగు శాతము రాగి యుండును. బలము దానివలననే వచ్చును, తుప్పు భయమును దానివలననే. అందుకై రేకుపై శుద్ధ అల్యూమినియము పొర పూయుదురు. ఆ పొర గీసికొనిపోయిన చోట, ఉక్కు మరతో అల్యూమినియము కలిసిన చోట, ఉప్పు తేమ చేరినచో అది చిన్న విద్యుత్ ఘటము వలె పనిచేసి అల్యూమినియమును తినివేయును. నూలు వలె సన్నని కార్బన్ పోగులతో చేసిన క్రొత్త రకపు విమానములకు తుప్పు పట్టదందురు. పోగులకు పట్టదు, వానికి తగిలియున్న అల్యూమినియమునకు మరింత వేగముగా పట్టును. విమానము ఒక్క గంటయు ఎగురక పాకలో నిలిచియున్నను ఈ పని సాగుచునే యుండును. మైపాడు తీరమున పడవ ఇంజనును సముద్రమునుండి తెచ్చిన వెంటనే మంచినీటితో కడుగువానికి ఈ సంగతి తెలియును. అతనిని ఎన్ని గంటలు నడిపితివని అడుగము; ఎన్నాళ్ళు ఉప్పులో నున్నదని అడుగుదుము.

తరగతిలో దీనిని చూపుట కష్టము కాదు. మూడు అల్యూమినియము పట్టీలు తీసికొనుడు. ఒకదానిని మంచినీటిలోను, రెండవదానిని ఉప్పునీటిలోను ఉంచి, మూడవదానికి రాగి తీగ బిగించి చుట్టి ఉప్పునీటిలోనే ఉంచుడు. కొన్ని దినములకు తీగ అంటిన చోట తెల్లని బూడిద వంటి పదార్థము పేరుకొనును. దానిని గోటితో గీరి, క్రింది గుంటలను భూతద్దముతో చూపుడు.

1934 నాటి విమాన చట్టమునకు బదులుగా మన దేశమున భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుండి అమలులో నున్నది. దాని క్రింద తేలిక విమానములకు నియమములు వ్రాయువారు స్టాల్ వేగమును స్వీకరింపవచ్చును. దానితోపాటు బరువును కూడ, గట్టుమీది మనుష్యుని కొరకు, మిగుల్చుకొనవలెను. తనిఖీ గడువును మాత్రము విమానము నిలుచు చోటునుబట్టి నిర్ణయింపవలెను. సముద్రమునకు కొద్ది మైళ్ళలోపల నిలుపు విమానమునకు మూడు నెలలకొకసారి మరల వద్దను, కీళ్ళ వద్దను విప్పి చూచుట, ప్రతి ఎగురుట పిదప మంచినీటితో కడుగుట, చూచినవాడు తన పేరు వ్రాసి సంతకము చేయుట: ఈ మూడును చేర్చుటకు క్రొత్త యంత్రము గాని, పెద్ద వ్యయము గాని అక్కరలేదు.