టైరు పక్కన చెక్కిన అంకెలు: ఒక విమర్శ

ఇంటర్మీడియేటు తరగతిలో ఘర్షణ నియమములు చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, ఘర్షణ బలము తలముల వైశాల్యముపై ఆధారపడదని పుస్తకములో ఉన్నది గదా! అట్లయిన స్పోర్ట్సు కార్లకు అంత వెడల్పయిన టైర్లు ఎందుకు వేయుదురు?" అని అడిగినాడు. వెడల్పు వలన బండికి నిలకడ వచ్చునని ఏదో చెప్పి, గంట మ్రోగగానే బయటపడితిని. ఆ సమాధానము వానికే కాదు, నాకును తృప్తి కలిగించలేదు. తరువాత ఈ విషయమును గూర్చి చదువగా, పాఠ్యపుస్తకములోని వాక్యమునకు, టైరు పక్కన చెక్కిన అంకెలకు ఒకే రకమైన లోపము ఉన్నదని తెలిసినది. రెండును అబద్ధములు కావు. అయితే తాము వర్తించు హద్దు ఎక్కడనో అవి చెప్పవు. ఆ హద్దు తెలియనివాడు పరీక్షలో రెండు మార్కులు పోగొట్టుకొనును. వాన కురియుచున్న మలుపులో ప్రాణమే పోగొట్టుకొనవచ్చును.

అమెరికాలోను, ఐరోపాలోను స్పోర్ట్సు కారు కొని, దానిని పందెపు బాటలో గాక మామూలు వీధులలోనే నడపువారు చాలమంది కలరు. కంపెనీ వేసిన టైర్లు అరిగినప్పుడు వారికి ఒక చిక్కు వచ్చును. అంగడిలో అదే కొలత గల టైర్లు పది రకములు ఉండును. దేనిని ఎన్నుకొనవలెను? వారికి దొరకు ఆధారములు మూడు: టైరు పక్కన ఉన్న గుర్తులు, మోటారు పత్రికలు ప్రకటించు పరీక్షలు, బేరగాండ్ర మాటలు. మూడవదానిని విడిచి మొదటి రెంటిని పరిశీలింతము.

ముందుగా ఆ విద్యార్థి ప్రశ్న. ఘర్షణ అభిలంబ బలమునకు అనుపాతములో ఉండునని, వైశాల్యముపై ఆధారపడదని 1699లో అమొంటన్స్ ప్రకటించినాడు. 1785లో కూలుంబు దానిని బలపరచినాడు. వారు పరీక్షించినవి కొయ్య, లోహము మొదలైన గట్టి పదార్థములు. అట్టి రెండు వస్తువులు కంటికి ఎంత నున్నగా కనబడినను, నిజముగా తగులుకొనునవి కొన్ని శిఖరములు మాత్రమే. బరువు రెట్టింపయిన ఆ నిజమైన స్పర్శ వైశాల్యము కూడ సుమారు రెట్టింపగును. కనుకనే నియమము చెల్లుచున్నది.

రబ్బరు అట్టిది కాదు. అది మెత్తగా వంగి రోడ్డులోని గరుకు సందులలోనికి దిగును. బరువు రెట్టింపయినను నిజమైన స్పర్శ వైశాల్యము రెట్టింపు కాదు. అందువలన బరువు పెరిగిన కొలది ఘర్షణ గుణకము తగ్గును. కారు మలుపు తిరుగునప్పుడు బరువు లోపలి చక్రములనుండి బయటి చక్రములకు మారును. బయటి చక్రమునకు కలిసివచ్చిన పట్టు, లోపలి చక్రము పోగొట్టుకొన్న పట్టుకంటె తక్కువ. బరువు కొంచెము పరచుకొనుటకు వీలిచ్చు వెడల్పు టైరు ఈ నష్టమును తగ్గించును. ఇదియే ఆ ప్రశ్నకు నేను చెప్పవలసిన సమాధానము.

రబ్బరు పట్టునకు రెండు కారణములు. మొదటిది రబ్బరు అణువులు రోడ్డు తలమునకు అంటుకొనుట. రెండవది, గరుకుపై నలిగిన రబ్బరు తిరిగి పూర్వాకారమునకు వచ్చునప్పుడు తాను గ్రహించిన శక్తినంతయు తిరిగి ఇవ్వక కొంత ఉష్ణముగా పోగొట్టుకొనుట. దీనినే హిస్టెరిసిస్ అందురు. ఈ రెండును రబ్బరు స్నిగ్ధతకు, స్థితిస్థాపకతకు, ఉష్ణోగ్రతకు సంబంధించినవేనని 1963లో గ్రాష్ తన ప్రయోగములవలన చూపినాడు. కనుక ఘర్షణ గుణకమును పట్టికలో ఒకే అంకెగా వేయుట రబ్బరు విషయమున తగదు. అది బరువును, వేగమును, ఉష్ణోగ్రతను, తడిని బట్టి మారుచుండును.

"వేసవి టైరు" అను పేరు కూడ ఇట్లే తప్పుదారి పట్టించును. అది ఎండలో మాత్రమే వాడవలసినదని చాలమంది తలచెదరు. నిజమునకు అది వెచ్చని వాతావరణమున పొడి రోడ్డుపైనను, తడి రోడ్డుపైనను గట్టిగా పట్టుకొనునట్లు చేసిన టైరు. సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువన దాని రబ్బరు బిరుసెక్కును, పట్టు సడలును. గడ్డకట్టు చలిలో కదిలించిన కొన్ని జాతుల టైర్లు పగుళ్లు వారునని తయారీదారులే హెచ్చరింతురు. మన కోస్తా పట్టణములలో ఈ బెడద లేదు. జర్మనీలో ఉన్నది, అక్కడ మంచు రోడ్లపై చలికాలపు టైర్లు లేనిదే నడపరాదని చట్టమే కలదు.

ఇక పక్కనున్న గుర్తులు. ఉదాహరణకు 215/45 ఆర్ 17, 87 డబ్ల్యు అని ఉన్నదనుకొందము. వెడల్పు 215 మి.మీ.; పక్క ఎత్తు ఆ వెడల్పులో నూటికి 45 వంతులు, అనగా సుమారు 97 మి.మీ.; రిమ్ము 17 అంగుళములు; ఒక్కొక్క టైరు మోయగల బరువు 545 కి.గ్రా.; తగిన గరిష్ఠ వేగము గంటకు 270 కి.మీ. ఇవన్నియు స్పష్టమైన నిర్వచనములు గలవి. వీటిపై నాకు ఆక్షేపణ లేదు.

ఆక్షేపణ అమెరికా ప్రభుత్వ నియమముల ప్రకారము వేయు మూడు శ్రేణులపై. మొదటిది అరుగుదల అంకె. టెక్సాస్ రాష్ట్రములోని సాన్ ఆంజెలో వద్ద 400 మైళ్ల బాటపై కార్లను వరుసగా నడిపి, మొత్తము 7,200 మైళ్లలో టైరు ఎంత అరిగినదో ప్రమాణ టైరుతో పోల్చి ఈ అంకె కట్టుదురు. ఇంతవరకు బాగుగనే ఉన్నది. కాని అంకెను వేయువాడు తయారీదారుడే. పరీక్షలో వచ్చినదానికంటె ఎక్కువ వేయరాదు, తక్కువ వేసికొనవచ్చును. అమెరికా స్పోర్ట్సు కారు క్లబ్బు వారు తమ పోటీలలో వీధికార్ల తరగతులకు 200కు తక్కువ అంకె గల టైర్లను అనుమతింపరు. ఈ నిబంధన రాగానే సరిగా 200 అని చెక్కిన టైర్లు అంగడినిండ వచ్చినవి. కొలబద్దగా పుట్టిన అంకె ప్రవేశపు టిక్కెట్టుగా మారినది. అట్టి అంకెను పట్టుకొని రెండు కంపెనీల టైర్లలో ఏది ఎక్కువకాలము వచ్చునో తేల్చబూనుట వ్యర్థము.

రెండవది పట్టు శ్రేణి. తడిపిన తారు, కాంక్రీటు తలములపై గంటకు 40 మైళ్ల వేగమున చక్రమును తిరుగకుండ బిగబట్టి, తిన్నగా జారునప్పటి ఘర్షణను కొలిచి ఏఏ, ఏ, బి, సి అని విభజింతురు. మలుపులో పట్టు ఎంత? నీటిపై తేలకుండ ఎంత వేగము వరకు నిలుచును? పొడి రోడ్డు మాటేమి? వీటికి ఈ పరీక్షలో సమాధానము లేదు. చక్రము బిగిసిపోకుండ చూచు బ్రేకులు గల నేటి కార్లకు, బిగిసిన చక్రపు కొలత ఎంతవరకు తగునో పాఠకులే ఆలోచింపవచ్చును. మూడవది వేడికి తట్టుకొను శ్రేణి. దానిని గూర్చి వివాదము లేదు. ఐరోపాలో 2021 మే నుండి అమలులోనున్న చీటీ కొంత మేలు. అందులో తడిలో బ్రేకు పట్టు, దొర్లుటకు అయ్యెడి నిరోధము, బయటికి వినబడు శబ్దము చూపబడును. అయినను మలుపు మాట అందులోను లేదు.

మోటారు పత్రికల పరీక్షలు ఈ కొరతను కొంత తీర్చుచున్నవి. వాటిలో తడి, పొడి, మలుపు అన్నియు ఉండును. కాని తుది తీర్పునకు వచ్చుసరికి పందెపు బాటను ఎవరు తక్కువ కాలములో చుట్టివచ్చిరను లెక్కకే పాఠకుని కన్ను పోవును. కొత్త టైరును, బాగుగా వేడెక్కించి, నేర్పరియైన డ్రైవరు నడిపినప్పుడు వచ్చిన అంకె అది. వీధిలో నడుపువాడు చల్లని టైరుతో బయలుదేరును. సగము అరిగినదానితోనే ఎక్కువకాలము గడుపును.

ఒక చిన్న లెక్క చూడుడు. 50 మీటర్ల వ్యాసార్ధము గల మలుపులో జారకుండ పోగల గరిష్ఠ వేగము, ఘర్షణ గుణకము, గురుత్వ త్వరణము, వ్యాసార్ధము అను మూడింటి లబ్ధమునకు వర్గమూలము. గుణకము 0.9 అయిన వేగము గంటకు సుమారు 76 కి.మీ. మిక్కిలి ఖరీదయిన టైరు వేసి గుణకమును 1.0 చేసితిమనుకొందము, వేగము 80 కి.మీ. అగును. లాభము 4 కి.మీ. అదే మలుపులో నీరు నిలిచి గుణకము 0.5కు దిగజారినచో వేగము 56 కి.మీ. నష్టము 20 కి.మీ. వీధిలో నడుపువానికి పొడి రోడ్డుపై వచ్చెడి నాలుగు కిలోమీటర్లు ముఖ్యమా, తడిలో పోయెడి ఇరువది ముఖ్యమా?

నీరు మరింత లోతైనప్పుడు టైరు రోడ్డును విడిచి నీటిపై తేలును. నాసా సంస్థకు చెందిన హార్న్ 1960 ప్రాంతమున విమానపు టైర్లను పరీక్షించి ఒక సూత్రము చెప్పినాడు. చదరపు అంగుళమునకు పౌండ్లలో గాలి పీడనమును తీసికొని, దాని వర్గమూలమును 16.66తో గుణించిన తేలు వేగము గంటకు కిలోమీటర్లలో వచ్చును. 35 పౌండ్లకు 99 కి.మీ.; 25 పౌండ్లకు 83 కి.మీ. కారు టైర్లకు ఇది ఉజ్జాయింపు మాత్రమే. వెడల్పయిన టైరు, గాడులు అరిగిన టైరు ఇంకను ముందే తేలును. చట్టము 1.6 మి.మీ. లోతు వరకు ఒప్పుకొనుచున్నది, నీరు ఒప్పుకొనదు.

ఇక్కడ టయోటా 86 కారు కథ గుర్తుంచుకొనదగినది. 2012లో వచ్చిన ఈ స్పోర్ట్సు కారుకు కంపెనీవారు వేసినవి 215/45 ఆర్ 17 కొలత గల మిషెలిన్ ప్రైమసీ టైర్లు. ఇవి సుఖప్రయాణపు కార్లకు వేయు జాతివి. డ్రైవరుతో కలిపి సుమారు 1,300 కి.గ్రా. బరువున్న ఈ బండికి, 35 పౌండ్ల గాలి పట్టినచో, ఒక్కొక్క టైరు రోడ్డును తాకు స్థలము సుమారు 130 చదరపు సెంటీమీటర్లు, అనగా ఒక పోస్టుకార్డంత. ఆ నాలుగు పోస్టుకార్డులపై మెత్తని రబ్బరు వేయలేదేమని కొందరు ఎగతాళి చేసిరి. కాని తక్కువ పట్టు గల టైరు తక్కువ వేగములోనే, మెల్లగా జారుట మొదలిడి డ్రైవరును హెచ్చరించును. పట్టు పెరిగిన కొలది హద్దు దూరమగును. హద్దు దాటిన నాటి వేగము కూడ పెరుగును.

అందుచేత పాత టైరే మేలని నేననుట లేదు. బ్రేకు వేసినప్పుడు పట్టు ఎప్పుడును ప్రాణరక్షకమే. 80 కి.మీ. వేగమున గుణకము 1.0 అయిన 25 మీటర్లలో ఆగు కారు, 0.6 అయిన 42 మీటర్లు పోవును. నా అభిప్రాయము ఇది: వీధికారుకు పందెపు మైదానపు 200 అంకె టైరు అక్కరలేదు; తడిలో మంచి పేరున్న, గాడులు లోతుగానున్న వేసవి టైరు చాలును. నాలుగును ఒకే జాతివి వేయవలెను. రెండే మార్చునప్పుడు కొత్తవి వెనుక వేయవలెను. వెనుక చక్రము తేలినచో బండి గిర్రున తిరుగును. తయారైన వారము, సంవత్సరము తెలుపు నాలుగంకెలు చూడవలెను. 2319 అనగా 2019లో 23వ వారము. ఆదివారము మాత్రమే బయటికి తీయు కారుకు అరుగుదల అంకెతో పనిలేదు. దాని టైరు అరుగకమునుపే ప్రాణవాయువు సోకి బిరుసెక్కును.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఘర్షణ నియమములు చెప్పిననాడే ఒక కొయ్యదిమ్మకు అడుగున సైకిలు ట్యూబు ముక్క అంటించి, స్ప్రింగుత్రాసుతో లాగించుడు. పైన బరువులు ఒక్కొక్కటే పెంచి గుణకము లెక్కకట్టించుడు. తరువాత దిమ్మను తిప్పి వట్టి కొయ్యతో అట్లే చేయించి, రెండు పట్టికలను పక్కపక్కన పెట్టించుడు. నియమము ఎక్కడివరకు చెల్లునో పిల్లలు తామే వ్రాయుదురు. నన్నా ప్రశ్న అడిగిన విద్యార్థికి నేను బాకీపడిన పాఠము ఇదియే.