గాలి ఎక్కడ దూరింది?

విశాఖ ఫిషింగ్ హార్బరులో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు వేటకు వెళ్లవు. నిషేధం ముగుస్తుందనగా డీజిల్ మెకానిక్‌కు చేతినిండా పని. స్టార్టయిన ఇంజను కాసేపటికే ఆయాసపడి ఆగిపోతుంటుంది.

మంచి మెకానిక్ వెంటనే పానా పట్టడు. ట్యాంకు మూత తీయిస్తాడు. గాలి గొట్టం మూసుకుపోతే డీజిల్ కదలదు. మూత తీయగానే ఇంజను కోలుకుంటే జబ్బు దొరికినట్టే.

లేదంటే ఫిల్టరు అడుగు నుంచి కొంత డీజిల్‌ను గాజు సీసాలోకి పడతాడు. అందులో నీరుంటే, డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. ఆ రెండూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది, ఫిల్టరును పూడ్చేస్తుంది.

అసలు నేర్పంతా గాలి లీకును పట్టడంలోనే ఉంది. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పైపులో సన్నని చీలిక ఉన్నా డీజిల్ చుక్క కూడా బయటికి రాకపోవచ్చు. పంపు పీల్చినప్పుడల్లా గాలే లోపలికి పోతుంది. అందుకే వేరే డబ్బాలో శుభ్రమైన డీజిల్ పోసి, కొత్త గొట్టంతో నేరుగా పంపుకు కలిపి చూస్తాడు. ఇంజను నిలకడగా ఆడిందా, తప్పు పాత లైనుదే. ఎంత చవకైన, ఎంత తెలివైన పరీక్ష! అనుమానంతో పంపు మార్చించడం కన్నా ఈ ఓపిక ఎంతో గొప్పది.

ఆపై లైనులో చిక్కిన గాలి పోయేలా బ్లీడ్ స్క్రూ వదులు చేసి, చేతి మీటతో పంపు కొడతాడు. నురగ ఆగి, బుడగ లేని డీజిల్ వచ్చాకే బిగిస్తాడు.