పదడుగులు, ఎనిమిది

పోయిన ఆదివారం హైదరాబాద్‌లో ఒక పెళ్లికి వెళ్లాను. ఫోటోలు తీసే కుర్రాళ్లు ఒక జట్టుగా వచ్చారు, నెత్తి మీద డ్రోన్ కూడా తిరుగుతోంది. వాళ్లలో ఒకతని భుజాన రెండు కెమెరాలు. ఒకదానికి ఈనాటి పెద్ద లెన్స్. రెండోదానికి నల్లగా, పొట్టిగా, అంచుల్లో రంగు పోయిన లెన్స్. తలంబ్రాలప్పుడు అతను ఆ రెండో కెమెరానే ఎత్తాడు. ఎడమచేతి వేళ్లు లెన్స్ చుట్టూ మెల్లగా కదిలాయి. చేత్తో ఫోకస్ చేస్తున్నాడు. నా మనసు నిండిపోయింది.

భోజనాల దగ్గర పలకరించాను. "హీలియోస్ సార్, రష్యాది. మా నాన్న కంటే పెద్దది" అన్నాడు. సోనీ మిర్రర్‌లెస్ బాడీకి అడాప్టర్ వేసి బిగించాడట. తెర మీద ఫోటో చూపించాడు. పెళ్లికూతురి కళ్లు స్పష్టంగా ఉన్నాయి, వెనక సీరియల్ బల్బులన్నీ ఆమె చుట్టూ సుడి తిరుగుతున్నాయి. "ఈ సుడి కోసమే సార్ ఇది వాడేది. కొత్త వాటిలో రాదు."

ఈ కాలమ్‌ని విడవకుండా చదివేవాళ్లకు నా సంగతి తెలుసు. రోటి పచ్చడి గురించి రాసినా, కీ ఇచ్చే గడియారం గురించి రాసినా, పాళీ కలం గురించి రాసినా చివరికి నేను చేరే చోటు ఒకటే: చెయ్యి చేయగల పనిని యంత్రానికి అప్పగించొద్దు. ఆ కుర్రాడి వేళ్లు చూడగానే ఈ వారం రాయాల్సింది దొరికిందనిపించింది.

ముందు ఆ లెన్స్ సంగతి చెప్పాలి. హీలియోస్ 44-2. 58 మిల్లీమీటర్లు, ఎఫ్ 2. జర్మనీలో యేనా నగరపు కార్ల్ జైస్ కంపెనీ యుద్ధానికి ముందు చేసిన బయోటార్ దీనికి మూలం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సోవియట్ ఇంజనీర్లు ఆ నమూనాను తీసుకుని, మాస్కో పక్కనున్న క్రాస్నగోర్స్క్ ఫ్యాక్టరీలో తమ గాజుకు అనువుగా మలుచుకున్నారు. జెనిత్ కెమెరాతోపాటు ఇదే ఇచ్చేవాళ్లు కాబట్టి లక్షల్లో తయారైంది. విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాన్‌లో గోర్కీ, చెహోవ్ మా ఊరికి ఏ దేశం నుంచి వచ్చారో ఈ లెన్స్ కూడా ఆ దేశందే. ఆ పుస్తకాల కుట్టు ఎంత గట్టిదో ఇక్కడ చాలాసార్లు రాశాను. లెన్స్ కూడా అదే తీరు. అల్యూమినియం, గాజు, కాస్త గ్రీజు. బ్యాటరీతో పని లేదు, పాడయ్యే మోటారు లేదు.

అప్పటి లెన్స్ నిన్న కొన్న కెమెరాకి ఎలా అతుకుతుందని చాలామంది అడుగుతారు. పాత ఎస్ఎల్ఆర్ కెమెరాల్లో లెన్స్‌కీ ఫిల్ముకీ మధ్య ఒక అద్దం ఉండేది, అది పైకి లేచి దిగడానికి చోటు కావాలి. అందుకే హీలియోస్ లాంటి ఎం42 మర లెన్సులు ఫిల్ముకి 45.46 మిల్లీమీటర్ల ఎడంలో కూర్చునేలా చేశారు. మిర్రర్‌లెస్‌లో అద్దమే లేదు. సోనీలో ఆ ఎడం 18 మిల్లీమీటర్లు, నికాన్ జెడ్‌లో 16, కెనాన్ ఆర్ఎఫ్‌లో 20. మిగిలిన ఖాళీని ఒక బోలు గొట్టం నింపుతుంది. గాజు ఉండదు, తీగలు ఉండవు. అడాప్టర్ అంటే అంతే.

ఈ కొద్ది మిల్లీమీటర్లే ఎన్నో లెన్సుల తలరాత రాశాయి. పాత నికాన్ కెమెరాల్లో ఆ ఎడం 46.5. హీలియోస్ కోరేదానికంటే ఒక్క మిల్లీమీటరు ఎక్కువ. దానికి ఉత్త గొట్టం తగిలిస్తే దూరపు కొండ మీద ఫోకస్ కుదరదు. కెనాన్ వాళ్లు 1987లో ఈఓఎస్ తెచ్చి మౌంట్ మార్చేసరికి, అంతకుముందు డబ్బు పోసి ఎఫ్‌డి లెన్సులు కొన్నవాళ్ల గతి కూడా ఇదే అయింది: ఎఫ్‌డికి 42 కావాలి, ఈఓఎస్‌లో ఉన్నది 44. ఆ మంచి లెన్సులు ఇరవై ఏళ్లకు పైగా బీరువాల్లో ఉండిపోయాయి. 2008లో పానాసోనిక్ జి1, 2013లో ఫుల్‌ఫ్రేమ్ సోనీ ఎ7 వచ్చాక అవి మళ్లీ వెలుగు చూశాయి. పాతవాటిని బతికించింది కొత్త యంత్రమే.

ఇక సుడి. ఎఫ్ 2 దగ్గర లెన్స్‌ని పూర్తిగా తెరిస్తే, ఫ్రేము అంచులకు వెళ్లే కాంతిని లెన్స్ గొట్టమే కొంత కోసేస్తుంది. మధ్యలో గుండ్రంగా పడే దీపం అంచులకు వెళ్లేకొద్దీ నిమ్మకాయలా సాగుతుంది. ఆ సాగినవన్నీ కేంద్రం చుట్టూ వరస కడితే కంటికి సుడిలా తోస్తుంది. అంచుల్లో పూర్తిగా దిద్దని ఫోకస్ దాన్ని ఇంకా పెంచుతుంది. లెన్సులు చేసేవాళ్లు దశాబ్దాలుగా వదిలించుకోవాలని చూసిన లోపమిది. ఇప్పుడు దానికే ధర కడుతున్నారు.

ఇక్కడ మా ఫోటో బాబాయ్ గురించి చెప్పాలి.

మా ఊరు తెనాలికి దగ్గర. అక్కడ స్టూడియో నడిపే ఆయన మా నాన్నకు స్నేహితుడు, నాకు బాబాయ్. పెళ్లిళ్లకు మొదట్లో యాషికా రెండు కళ్ల కెమెరా వాడేవాడు, 120 రోల్‌కి 12 ఫోటోలు. తర్వాత విశాఖ నేవీలో పనిచేసే ఆయన బావమరిది, శిక్షణ కోసం సోవియట్ యూనియన్ వెళ్లినప్పుడు జెనిత్-ఇ తెచ్చిచ్చాడు. దాని ముందున్నది ఈ హీలియోసే. రోల్‌కి 36 ఫోటోలు. ఊటీలో తయారైన ఇందు రోల్ దొరికితే ఇందు, లేకపోతే తూర్పు జర్మనీ ఆర్వో.

సెలవుల్లో ఆయన వెంట నేనూ వెళ్లేవాణ్ణి, ఫ్లాష్ గన్ బ్యాటరీల సంచి నా భుజాన. ముహూర్తానికి బాగా ముందే పందిట్లోకి చేరేవాళ్లం. బాబాయ్ పీటల దగ్గర నిలబడి, అక్కణ్ణించి వెనక్కి నాలుగు అంగలు వేసి, ఆగిన చోట ఒక ఇటుక ముక్క పెట్టేవాడు. "పదడుగులు, ఎనిమిది" అనేవాడు, నాకు చెబుతున్నట్టు, తనకి తాను చెప్పుకుంటున్నట్టు. టేపు పెట్టి కొలిస్తే బెత్తెడు తేడా కూడా ఉండేది కాదు.

పదడుగులే ఎందుకంటే ఫ్లాష్ లెక్క అది. 100 ఏఎస్ఏ రోల్ మీద ఆయన గన్ అంకె 80. దాన్ని అడుగుల్లో దూరంతో భాగిస్తే ఎపర్చర్ వస్తుంది. పదడుగులకు ఎఫ్ 8. ఏడడుగులకు 11. పద్నాలుగడుగులకు 5.6. ఆ ఎక్కం నాకూ నోటికొచ్చేసింది. షట్టర్ మాత్రం 30 దగ్గరే ఉండాలి, జెనిత్‌లో అంతకంటే వేగంగా పెడితే ఫ్లాష్ వెలుగు ఫ్రేమంతా పడదు. ఆ లెన్స్ మీద ఉన్నవి మీటర్లు, ఆయన బుర్రలో ఉన్నవి అడుగులు. అందుకని 3 మీటర్ల గీత దగ్గర పిన్నిగారి గోళ్లరంగుతో ఎర్రచుక్క పెట్టుకున్నాడు.

ఎఫ్ 8లో, పదడుగులకు పెడితే, ఎనిమిదడుగుల నుంచి దాదాపు పదమూడు అడుగుల దాకా ఉన్నదంతా పదునుగా పడుతుంది. లెన్స్ మెడ మీద చెక్కిన గీతలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఆ ఐదడుగుల మేరలో వధూవరులు, పురోహితుడు, పక్కన కూర్చున్న కన్నవాళ్లు, వెనక నిలబడ్డ మేనమామలు అందరూ ఇమిడిపోతారు. సన్నాయి గట్టిమేళం అందుకోగానే బాబాయ్ ఇటుక ముక్క దగ్గర కాలు ఊనేవాడు. ఫోకస్ కుదిరిందా అని వ్యూఫైండర్‌లో వెతికేవాడు కాదు. వెతికినా కనపడదు, ఎపర్చర్ మూసేసరికి ఆ కిటికీ చీకటైపోతుంది. ఆయన చూసేది మనుషుల మొహాలు. మాంగల్యధారణకు ఒక్కటే అవకాశం. ఫ్లాష్ సన్నగా ఈల వేస్తూ మళ్లీ నిండి, ఎర్రలైటు వెలిగేసరికి మూడో ముడి కూడా పడిపోయేది. అయినా ఆ ఒక్క ఫోటో పోయిన పెళ్లి నాకు గుర్తు లేదు.

ఇవన్నీ తలుచుకుంటుంటే ఒక సంగతి తట్టింది. బాబాయ్ ఆ రింగ్ తిప్పగా నేను చూసింది చాలా తక్కువ. పెళ్లంతా ఎర్రచుక్క ఉన్నచోటే ఉండేది. కదిలేది ఆయన. పెళ్లికూతురి మొహం దగ్గరగా కావాలంటే ముందుకొచ్చి, ఎపర్చర్ మార్చి, అప్పుడు రింగ్ ఒక్కసారి తిప్పేవాడు. అంతే. మాన్యువల్ ఫోకస్ అని మనం పిలుచుకునే విద్యలో వేళ్ల పని పిసరంత. ఎంత దూరంలో ఉన్నానో కొలవకుండా తెలియడం, ఆ దూరంలో ముందే వెళ్లి నిలబడటం, రాబోయే క్షణం కోసం కాచుకోవడం, అసలు విద్య ఇదీ.

బాబాయ్ ఆ లెన్స్‌ని ఎఫ్ 2కి తెరిచి పెళ్లి ఫోటో తీయలేదు. తీసి ఉంటే ఆ ఇంట్లో ఒప్పుకునేవారు కాదు. అప్పగింతల ఫోటోలో వెనకనున్న పెద్దత్తయ్య మొహం సుడిలో కరిగిపోతే ఎలా? ఎవరెవరు వచ్చారు, ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారు, ఆ ఏడాది ఇంకా ఎవరు బతికున్నారు, రేపు పిల్లలకు చెప్పేది ఆ ఆల్బమే.

పెళ్లిలో కనిపించిన కుర్రాడి పనితనాన్ని తక్కువ చేయడం లేదు. ఐదడుగుల దూరంలో ఎఫ్ 2కి తెరిస్తే పదునుగా పడే లోతు మూడంగుళాలకు కాస్త ఎక్కువ, అంతే. కదిలే మనిషి కన్ను ఆ లోతులో పట్టడం కష్టమైన పని, అతను పట్టాడు. కానీ అతనికి కెమెరా సాయం ఉంది. ఫోకస్ కుదిరిన అంచులకు రంగు పూసి చూపిస్తుంది, కావాలంటే కంటిని పదింతలు పెద్దది చేసి చూపిస్తుంది, చెయ్యి వణికితే సెన్సర్ కదిలి సర్దుతుంది. చేత్తో ఫోకస్ చేయడం ఇంత తేలికగా ఎన్నడూ లేదు. అందులో ఆనందం ఉంది, నేనూ ఆ ఆనందం కోసమే సాయంత్రాలు పాత లెన్స్ వేసుకుని తిరుగుతుంటాను. అయితే దాన్ని పాతకాలపు సాధన అనలేను.

పాత లెన్స్‌లో మాత్రమే దొరికేది వేరే ఉంది. దాని మెడ మీద అంకెలున్నాయి. 1, 2, 3, 5, అనంతం. ఇటు తిప్పితే ఒక చోట ఆగుతుంది, అటు తిప్పితే మరో చోట ఆగుతుంది. ఈనాటి ఆటోఫోకస్ లెన్సుల్లో చాలావాటికి దూరం గీతలే లేవు. రింగ్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, మోటారుకి సంకేతం పంపడం తప్ప దానికి గాజుతో నేరుగా సంబంధం లేదు. చీకట్లో వేళ్లతో తడిమి "ఇది పదడుగులు" అని చెప్పగలిగే లెన్స్ పాతదే. సుడి ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవచ్చు. నాకు ఆ అంకెలు కావాలి.

కాబట్టి నా సలహా ఇదీ. పరుగెత్తే మనవరాలిని తీయడానికి పాత లెన్స్ పట్టుకోకండి. కొత్త కెమెరా ఆమె కన్ను పట్టుకుంటుంది, పట్టుకోనివ్వండి. యంత్రానికి వదిలేయమని ఈ కాలమ్‌లో చదవడం కొత్తగా ఉండొచ్చు, ఆలోచించే రాస్తున్నాను. సుడి కోసం ఆన్‌లైన్‌లో చెప్పిన ధరకల్లా హీలియోస్ కొనకండి, లక్షల్లో తయారైన సరుకది. ముందు మీ ఇంట్లో వెతకండి. నాన్నగారి పెంటాక్స్, మావయ్య నికాన్, పెదనాన్న దుబాయ్ నుంచి తెచ్చిన కెనాన్, ఏదో ఒకటి పైఅరలో ఉంటుంది. వెనక మూత తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడండి. సాలెగూడులాంటి తీగలు కనిపిస్తే ఫంగస్. కొద్దిగా ఉంటే బాగుచేసేవాళ్లు శుభ్రం చేస్తారు, ముదిరితే గాజు పూతను తినేస్తుంది. ఎపర్చర్ రెక్కలకు నూనె అంటితే అదీ శుభ్రం చేయించుకోవచ్చు. పాత 50 ఎంఎం ఎఫ్ 1.4 సూపర్ టాకుమార్ పసుపెక్కి ఉంటే భయపడొద్దు. గాజులో కలిపిన థోరియం వల్ల వచ్చిన రంగది. కొన్ని రోజులు ఎండ చూపిస్తే చాలావరకు దిగుతుంది, ఎండ ఒకచోట చేరి కాల్చకుండా లెన్స్ కింద అల్యూమినియం ఫాయిల్ వేయండి. కెమెరా సెట్టింగుల్లో లెన్స్ లేకున్నా షట్టర్ పడేలా మార్చుకోండి, వణుకు సర్దే చోట లెన్స్ మిల్లీమీటర్లు మీరే నింపండి. ఎఫ్ 8, పదడుగులు పెట్టి వీధిలోకి వెళ్లండి, తెర సాయం లేకుండా.

కోస్తాలో ఉన్నవాళ్లకు ఇంకో మాట. కెమెరాతో వచ్చిన తోలు కేసు చెమ్మను పట్టి ఉంచుతుంది. లెన్స్‌కి అంతకంటే చెడ్డ చోటు లేదు. వానలు మొదలయ్యేలోగా దాన్ని అందులోంచి తీసి, సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలోకి మార్చండి.