ఎండకు తగ్గ పాత లెన్సు

శ్రీకాళహస్తి కలంకారీ పనిని ఫిల్ముమీదికి ఎక్కించడానికి ఖరీదైన లెన్సు అక్కర్లేదు. 1930ల నాటి జైస్ సొన్నార్ నమూనాతో సోవియట్లు చేసిన జూపిటర్-8, జోర్కీ రేంజ్‌ఫైండర్ కెమెరాకు బిగిస్తే చాలు. స్వర్ణముఖి ఒడ్డున ఆరేసిన గుడ్డమీద మిట్టమధ్యాహ్నపు ఎండకు తెలుపు మండిపోతుంది, నీడ నల్లబడుతుంది. పాత లెన్సుకు కాంట్రాస్టు తక్కువ కాబట్టి ఆ నీడలో కాస్త వివరం నిలుస్తుంది. ఫోకస్ కూడా సులువే: బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము నానేసి తీసిన రంగుతో గీసిన నల్లగీత వ్యూఫైండర్‌లో రెండుగా కనబడుతుంది, రింగు తిప్పితే ఒకటవుతుంది. బొమ్మ మెత్తగా వస్తుందంటారు; అపెర్చర్ ఎఫ్ 8కి తగ్గిస్తే ఆ మాట నిలవదు. ఎదురెండలో తెల్లపొర కమ్ముతుందన్నది నిజమే, హుడ్ తప్పనిసరి. అసలు లోటు, మీటరుకన్నా దగ్గర ఫోకస్ కాకపోవడం. కలం మొన ఒక్కటే ఫ్రేము నిండదు. అయితే ఆ దూరంలో కలం పట్టిన చెయ్యి, కరక్కాయ పసుపెక్కిన గుడ్డ, రంగు గిన్నె కలిసి వస్తాయి. పనితనం చూపడానికి నాకదే మేలనిపిస్తుంది.