‘తెలుగు అక్షరం ఫోన్‌ను కూల్చింది’: ఒక సాంకేతిక అభిప్రాయంలో కర్త ఎవరు?

వ్యాససంగ్రహం:
2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం ఉన్న ఒక సంకేతక్రమం ఐఫోన్లలో యాప్‌లు మూతపడడానికి కారణమైంది. లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉండగా, అది ‘తెలుగు బగ్’ అన్న పేరుతో ప్రచారంలోకి వచ్చింది. ఆ సందర్భంలో వినిపించిన అభిప్రాయాల వాక్యనిర్మాణాన్ని, ఆ అక్షరనిర్మాణాన్ని పక్కపక్కన ఉంచి, బాధ్యత ఒకరి నుంచి మరొకరికి ఎలా మారిందో విమర్శనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అక్షరం, సంయుక్తాక్షరం, యూనికోడ్, కర్తృత్వం, సాంకేతిక అభిప్రాయం, లిపి.

1. ఉపోద్ఘాతం:
ఫోన్లు, యాప్‌లు, వీడియో ఆటలు, సినిమా ప్రసార వేదికల మీద నిత్యం వెలువడే అభిప్రాయాలను విమర్శకు తగిన వస్తువుగా చూడడం అరుదు. నిజానికి ‘ఫోన్ హ్యాంగ్ అయింది’, ‘అప్‌డేట్ పాడుచేసింది’ వంటి ప్రతి మాటా ఒక తీర్పే. ఆ తీర్పు భారాన్ని తెలుగులో ఎక్కువగా రెండు క్రియలు మోస్తాయి. ‘క్రాష్ అయింది’ అన్నప్పుడు పని దానంతట అదే జరిగినట్టు ధ్వనిస్తుంది. చేసినవారి ప్రసక్తి రాదు. ‘క్రాష్ చేసింది’ అన్నప్పుడు ఒక కర్త తప్పనిసరి. ఆ కర్తస్థానంలో ఎవరిని నిలబెడుతున్నామన్నది వ్యాకరణానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. తప్పు ఎవరిది, దిద్దవలసింది ఎవరు అన్న నిర్ణయం కూడా అక్కడే జరిగిపోతుంది. ‘తెలుగు అక్షరం ఫోన్‌ను క్రాష్ చేసింది’ అన్న వాక్యం ఇందుకు మంచి ఉదాహరణ.

2. సంఘటన స్వరూపం:
ఐఓఎస్ 11.2.5తో నడిచే ఐఫోన్లలో ఈ లోపం 2018 ఫిబ్రవరి మధ్యలో బయటపడింది. ఆ సంకేతక్రమం ఉన్న సందేశం తెర మీదికి రాగానే సందేశాల యాప్ మూతపడేది. మళ్లీ తెరిస్తే అదే సందేశం ఎదురై మళ్లీ మూతపడేది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోన్ హోమ్‌తెరను నడిపే ప్రోగ్రామే కుప్పకూలేది. యాపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసి దీన్ని సరిదిద్దింది. లోపం ఉన్నది అక్షరాలను తెర మీద రూపుకట్టించే ‘కోర్‌టెక్స్ట్’ అనే భాగంలోనని సంస్థ భద్రతాప్రకటన తెలిపింది. ఆ సంకేతాలను చదివే క్రమంలో మెమరీ చెడిపోయేదని, లోపలికి వచ్చే పాఠాన్ని మరింత జాగ్రత్తగా సరిచూసే ఏర్పాటుతో దాన్ని నివారించారని ఆ ప్రకటన సారాంశం.

3. ఒక అక్షరం – ఐదు సంకేతాలు:
తెలుగు పాఠకుడికి ‘జ్ఞా’ ఒకే అక్షరం. జ్ఞానం, జ్ఞాపకం, విజ్ఞానం వంటి మాటల్లో బడి ఈడు నుంచే పరిచయమైన సంయుక్తాక్షరం. యూనికోడ్‌లో మాత్రం అది నాలుగు సంకేతాల వరుస: జకారం, పొల్లు, ఞకారం, ఆకారపు గుర్తు. రాసేటప్పుడు ఞకారం ఒత్తుగా మారి కిందికి దిగుతుంది. సంకేతాల వరుసలో చివరన ఉన్న దీర్ఘం పైనున్న జకారాన్ని చేరుతుంది. వరుసలో ఉన్న క్రమం ఒకటి, కంటికి కనిపించే అమరిక మరొకటి. గుణింతాలు, ఒత్తులు నేర్చిన పిల్లలకు ఇది తెలిసిన విషయమే. ప్రతి సంకేతానికీ ఒక గడి చొప్పున పక్కపక్కన పేర్చుకుంటూ పోయే పద్ధతి ఇక్కడ చాలదు.

ఫోన్లను కూల్చింది ఈ నాలుగు సంకేతాల వరుస కాదు. ఞకారానికీ దీర్ఘానికీ మధ్య ఐదో సంకేతం ఒకటి చేరినప్పుడే లోపం బయటపడింది. అది ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అనే కనిపించని గుర్తు. తెలుగు రాతకు అది పరాయిది కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో టకారపు పొల్లు పొల్లుగానే నిలిచి, వకారం ఒత్తుగా మారకుండా ఆపేది అదే. అది లేకపోతే ఆ మాట ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. సాధారణంగా దాని చోటు పొల్లు తరువాత. ఒత్తుకూ గుణింతపు గుర్తుకూ మధ్య తెలుగు రాసేవారికి దానితో పని లేదు. కాబట్టి ఫోన్‌ను కూల్చిన వరుస మామూలు తెలుగు మాట కాదు. మామూలు ‘జ్ఞానం’ ఆ ఫోన్లలో నిరపాయంగానే కనిపించింది. పైగా ఇదే తరహా వరుసలు దేవనాగరి, బెంగాలీ లిపుల్లోనూ లోపాన్ని రేపుతాయని అప్పటి సాంకేతిక పరిశీలనల్లో తేలింది. వస్తుస్థితి ఇది కాగా, పేరు మాత్రం తెలుగు ఒక్కదానికే మిగిలింది.

4. మూడు అభిప్రాయాలు:
ఈ సంఘటన చుట్టూ అల్లుకున్న అభిప్రాయాలను మూడు తరహాలుగా విభజించవచ్చు.

మొదటిది ఆరోపణ: ‘తెలుగు అక్షరం ఫోన్‌ను కూల్చింది.’ ఇక్కడ కర్తస్థానం అక్షరానిది, ఫోన్ బాధితురాలు. పాఠాన్ని చదివి చూపవలసిన ప్రోగ్రామ్ ఆ పనిలో విఫలమైందన్న సంగతి వాక్యంలోకే రాలేదు. ఉత్తరం చదవలేక తడబడిన మనిషిని వదిలేసి ఉత్తరాన్ని నిందించడం వంటిదే ఇది.

రెండోది సానుభూతి: ‘తెలుగు లిపి సంక్లిష్టం, అందుకే ఇలా జరిగింది.’ భారతీయ లిపులను సాంకేతికరంగం ‘సంక్లిష్ట లిపులు’ అన్న వర్గంలో చేర్చడం ఈ మాటకు బలమిచ్చింది. సంక్లిష్టత అన్నది కొలబద్దను బట్టి ఉంటుంది. విడివిడి అక్షరాలు వరుసగా నిలిచే రోమన్ లిపిని ప్రమాణంగా పెట్టుకుంటే ఒత్తు క్లిష్టమే. ఒత్తును ప్రమాణంగా పెట్టుకున్నవారికి అది నియమబద్ధమైన సులువైన ఏర్పాటు. ఈ అభిప్రాయం నిందను మృదువుగా పలికిందే తప్ప, తీసివేయలేదు.

మూడోది గర్వంతో కూడిన పరిహాసం: మన ఒక్క అక్షరం అంతటి సంస్థను గడగడలాడించిందన్న సంబరం. ఇందులో ఆత్మగౌరవం ధ్వనించినా, వాక్యనిర్మాణం మొదటిదే. అక్షరాన్ని దోషిగా నిలబెట్టిన వాక్యమే ఇక్కడ దాన్ని వీరుణ్ణి చేసింది. భాషాభిమాని కూడా ఎదుటివారి వాక్యాన్నే అరువు తెచ్చుకున్నాడు.

సంస్థ మాట కూడా ఈ పరిశీలనకు అతీతం కాదు. ‘కొన్ని అక్షరక్రమాలు వాడితే యాప్‌లు మూతపడే సమస్యను సరిదిద్దాం’ అన్నది అప్‌డేట్‌తో పాటు వాడుకదారులకు అందిన వివరణ సారాంశం. అందులో ఏ భాష పేరూ లేదు, అది మెచ్చదగినదే. అయితే కారణం మళ్లీ అక్షరక్రమాలే. రాసిన ప్రోగ్రామ్ గానీ, దాన్ని సరిచూడకుండా విడుదల చేసిన సంస్థ గానీ కారణంగా కనిపించవు. సరిదిద్దినప్పుడు కర్తగా నిలిచిన సంస్థ, తప్పు జరిగిన చోట కర్తగా లేదు. ప్రజల మాట బాధ్యతను భాష మీదికి నెట్టింది. సంస్థ మాట బాధ్యత అన్న ఊసే లేకుండా చేసింది.

5. పోలిక:
ఇటువంటి లోపాలు ఇదొక్కటే కాదు. 2020 ఏప్రిల్‌లో ఇటలీ జెండా బొమ్మతో పాటు సింధీ అక్షరాలున్న సందేశం ఐఫోన్లను స్తంభింపజేసింది. అప్పుడూ వార్తల్లో సింధీ పేరు ప్రముఖంగా వినిపించింది. 2024 ఆగస్టులో రెండు జంట ఉద్ధరణచిహ్నాలు, రెండు కోలన్లు వరుసగా టైప్ చేస్తే ఐఫోన్ హోమ్‌తెర కుప్పకూలే లోపం బయటపడింది. ఇంగ్లీషు కీబోర్డు మీద నిత్యం కనిపించే గుర్తులే అవి. వార్తలు దాన్ని ‘నాలుగు అక్షరాల’ లోపమన్నాయి. ‘ఇంగ్లీషు బగ్’ అన్న పేరు దానికి స్థిరపడలేదు. సొంత ఇంటి గుర్తులు తప్పుకు దారితీస్తే తప్పు ప్రోగ్రామ్‌ది; పొరుగువారి అక్షరాలు దారితీస్తే తప్పు ఆ భాషది. ఈ రెండు కొలతల తేడాయే ఇక్కడి అసలు సమస్య.

6. ఆక్షేపణ – సమాధానం:
పేరు కేవలం గుర్తింపు కోసమే కదా అన్న ఆక్షేపణకు అవకాశం ఉంది. ఏ సందేశం తెరవకూడదో జనానికి వెంటనే తెలియాలంటే ‘తెలుగు అక్షరం’ అనడమే తేలిక. ఆ వారం రోజుల అవసరానికి ఈ వాదం సబబే. హెచ్చరికగా పుట్టిన పేరు, లోపం తొలగిన తరువాత కూడా వివరణగా మిగిలిపోవడం దగ్గరే చిక్కు. తెలుగులో టైప్ చేయడం అపాయకరమనో, కష్టమనో ముందే సంకోచించేవారికి ఆ పేరు ఒక సాకు అందిస్తుంది. ‘ఈ భాష ఇంతే’ అన్న మాట స్థిరపడితే ‘మా భాషతో కూడా పరీక్షించి విడుదల చేయండి’ అని అడిగే గొంతు బలహీనపడుతుంది.

7. ముగింపు:
‘జ్ఞా’ ఉదంతం తెలుగు లిపిలోని లోపాన్ని కాదు, ఆ లిపిని చదవవలసిన యంత్రానికి చదువు చాలలేదన్న సంగతిని చెబుతుంది. ఆ చదువుకు కావలసిన సామగ్రి తెలుగు శాఖల చేతిలోనే ఉంది. ఏ హల్లుకు ఏ ఒత్తు చేరుతుందో, గుణింతపు గుర్తు ఎక్కడ నిలుస్తుందో, పొల్లు ఎప్పుడు పొల్లుగా మిగలాలో వ్యాకరణం, లిపిశాస్త్రం చెప్పగలవు. ఈ నియమాలను, వాటిని ఉల్లంఘించే వరుసలను కూడా పట్టికలుగా కూర్చి సాఫ్ట్‌వేర్ పరీక్షలకు అందించడం భాషాపరిశోధకులు చేపట్టదగిన పని. దానికంటే ముందు చేయగలిగింది వాక్యాన్ని దిద్దుకోవడం. తెలుగు అక్షరం ఫోన్‌ను కూల్చలేదు. ఫోన్‌లోని ప్రోగ్రామ్ తెలుగు అక్షరాన్ని చదవలేకపోయింది. ఈ రెండో వాక్యంలో కర్త మారింది. దిద్దవలసినవారెవరో కూడా తెలిసింది.