ప్రకృతిహత్యా లక్షణ విమర్శనము

లక్ష్యమున నెల్లెడలఁ బ్రవర్తించుచు, లక్ష్యేతరమునఁ బ్రవర్తింపనిదే లక్షణ మని శాస్త్రకారుల నిర్ణయము. గోవునకుఁ గపిలవర్ణము లక్షణ మనినచో నల్లని యావును విడిచినట్లగును, ఇది యవ్యాప్తి. కొమ్ములుండుట లక్షణ మనినచో మహిషమునకును జెల్లును, ఇది యతివ్యాప్తి. ఒంటిగిట్ట లక్షణ మనినచో నొక్క యావునందును బొసఁగదు, ఇది యసంభవము. తర్కమున నీ దోషముల ఫలము వాదమున నోటమి మాత్రమే. దండనీతియం దట్లు గాదు. అచట నవ్యాప్తివలన దోషి తప్పించుకొనును; అతివ్యాప్తివలన నిర్దోషి దండింపఁబడును. భూమిని, జలమును, వాయువును విపులముగాఁ బాడుచేయుట అంతర్జాతీయ నేరము కావలయు నని తలంచి, 2021 జూన్ నెలలోఁ బండ్రెండుగురు న్యాయకోవిదు లొక లక్షణవాక్యమును బ్రకటించిరి. ఫిలిప్ శాండ్స్, డియోర్ ఫాల్ సో యనువా రా సంఘమునకు సహాధ్యక్షులు. ఆ వాక్యమును బై దృష్టితోఁ బరిశీలించుట యుచితము.

శబ్దవిచారము

ఈ నేరమునకుఁ బాశ్చాత్యులు పెట్టిన పేరు 'ఇకోసైడ్'. 1970 ఫిబ్రవరిలో వాషింగ్టన్ నగరమున జరిగిన యొక సభలో ఆర్థర్ గాల్‌స్టన్ అను వృక్షశాస్త్రజ్ఞుఁ డీ శబ్దమును బ్రయోగించెను. 1962 మొదలు 1971 వఱకు అమెరికా సైన్యము వియత్నాం అడవులపైఁ జల్లిన మొక్కలను జంపు మందులు 7 కోట్ల లీటర్లకు మించినవి. ఆ చర్యను నిరసించుటకే యీ పదము పుట్టినది. ఇందుఁ బూర్వపదము గృహవాచకమగు గ్రీకు శబ్దము; ఉత్తరపదము హననార్థకమగు లాటిన్ ధాతువునుండి వచ్చినది. సంస్కృతపదమును దెలుఁగుపదమును విరుద్ధముగాఁ గూర్చినచో మన లాక్షణికులు వైరిసమాస మని నిషేధింతురు, ఇదియు నట్టిదే. కాని 1944లో రఫేల్ లెమ్కిన్ కూర్చిన 'జెనోసైడ్' శబ్దమునకును ఈ దోషమే కలదు. ఐనను నాలుగేండ్లలో, 1948 డిసెంబరున, అది ఐక్యరాజ్యసమితి యొడంబడికకుఁ బేరయ్యెను. రెండవ శబ్దమున కఱువదేండ్లకుఁ జేరువగుచున్నను ఆ భాగ్యము కలుగలేదు.

తెలుఁగున దీనిని 'పర్యావరణ విధ్వంసము' అనుట వాడుక. ధ్వంసు ధాతు వకర్మకము. పడుట, నశించుట దాని యర్థము. తుపానుచే నడవి కూలినను విధ్వంసమే. అందుఁ గర్త యెవఁ డని యడుగఁ బనిలేదు. హన ధాతువు సకర్మకము. చంపినవాఁ డొకఁడు, చంపఁబడిన దొకటి యుండక తప్పదు. మఱియుఁ బాణినీయము ననుసరించి, ఉపసర్గ కాని సుబంతము పూర్వమున నున్నపుడే హత్యాశబ్దము సాధువు. బ్రహ్మహత్య యనవచ్చును, కేవలము హత్య యనుట లోకవ్యవహారమే కాని శాస్త్రసమ్మతము గాదు. చంపఁబడిన దేదో చెప్పక యా శబ్దము నిలువదు. కావున నేరమును దెలుపఁదలఁచినచో 'ప్రకృతిహత్య' యనుటయే మేలు.

నిపాతవిచారము

ఇంతకు ముందే యుద్ధసంబంధము గల మూఁడు శాసనములలోఁ బ్రకృతినష్టము ప్రస్తావింపఁబడినది. 1976లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ యామోదించిన యొడంబడిక, ప్రకృతిప్రక్రియలను మార్చి వానిని శత్రువుపై నాయుధములుగాఁ బ్రయోగించుటను నిషేధించినది. 1977 నాఁటిది జెనీవా యొడంబడికల మొదటి యనుబంధము. 1998 నాఁటిది అంతర్జాతీయ నేర న్యాయస్థానమునకు మూలమైన రోమ్ శాసనము. మూఁటియందును విశేషణములు మూఁడే: విస్తృతము, చిరకాలికము, తీవ్రము. భేదమంతయు నిపాతమునందుఁ గలదు. మొదటిదానియందు వా-కారము, మూఁటిలో నొకటి యున్నను జాలును. తక్కిన రెంటియందును చ-కారము. మూఁడును గూడి యుండవలయును.

విశేషణము లించుమించు సమానమే యైనను వాని కొలతలు వేఱు. 1976 ఒడంబడికకుఁ జేర్చిన వివరణమునఁ జిరకాలిక మనఁగాఁ గొన్ని నెలలు, లేక రమారమి యొక ఋతువు. 1977 అనుబంధమును జర్చించినవారు దానిని దశాబ్దములతోఁ గొలిచిరి. 1991లో కువైట్ దేశమున ఆఱువందలకుఁ బైగా నూనెబావులు తగులఁబెట్టఁబడెను. కడపటి మంట ఆ యేఁటి నవంబరున నాఱెను. కొలత మాత్రమే చూచినచో, ఋతువుతోఁ గొలిచిన నది చిరకాలికము. దశాబ్దములతోఁ గొలిచిన సందిగ్ధము. రోమ్ శాసనమున మఱియొక బంధము కలదు: ఆ నష్టము, ఆశించిన సైనికలాభముకంటె స్పష్టముగా మిక్కుటమై యుండవలయును. ఇఁక శాంతికాలమునఁ గలుగు ప్రకృతినాశమునకు దానియందుఁ బ్రత్యేకమగు పేరే లేదు. ఇంతకంటె స్ఫుటమైన యవ్యాప్తి యుండఁబోదు.

గుణములు

2021 నాఁటి లక్షణము తాత్పర్యమున నిట్టిది: తీవ్రమై, విస్తృతము గాని చిరకాలికము గాని యగు నష్టము పర్యావరణమునకుఁ గలుగు నవకాశము మెండుగాఁ గల దని యెఱిఁగియు, శాసనవిరుద్ధముగాఁ గాని విచ్చలవిడిగాఁ గాని చేయు పని ప్రకృతిహత్య. ఇందుఁ దీవ్రత నిత్యము. తక్కిన రెంటికి వికల్పము. ఈ కూర్పు మెచ్చఁదగినది. ఒక చిన్న లోయలోని నేల తరతరములకు విషపూరిత మైనచో, నష్ట మల్పప్రదేశమున నున్నను మానరానిది. చ-కారపక్షమున నిది జాఱిపోవును, వికల్పమునఁ బట్టువడును. చిరకాలిక శబ్దమునకును ఇన్ని యేండ్లని కొలత పెట్టక, మరల రానిది, లేదా తగిన కాలమున స్వాభావికముగాఁ గోలుకొనలేనిది యని యర్థము చెప్పిరి. యుద్ధశాంతుల భేదమును బాటింపలేదు.

పర్యావరణ శబ్దమున భూమియు, దాని జీవావరణ హిమావరణ శిలావరణ జలావరణ వాయ్వావరణములును, బాహ్యాకాశమును జేరినవి. మనుష్యునకు హాని కలిగినట్లు చూపకున్నను నేర మేర్పడును. చంపఁబడినది ప్రకృతియే యని యంగీకరించుట యిందలి ముఖ్యగుణము.

దోషములు

దోషములు రెండు. మొదటిది 'విచ్చలవిడి' యను దానికిచ్చిన వివరణమున నున్నది. ఆశించిన సాంఘిక, ఆర్థిక లాభములకంటె స్పష్టముగా మిక్కుటమగు నష్టమును లెక్కసేయకపోవుట యని దాని యర్థము. రోమ్ శాసనమున సైనికలాభ మున్న చోట నిందు ధనలాభము కూర్చుండినది. పూర్వపక్షి యిట్లనవచ్చును: ఈ తూనిక లేనిచో నానకట్టయు, గనియు, రహదారియు నేరములగును, అతివ్యాప్తి కలుగును. ఈ యాక్షేపము నిస్సారము గాదు. ఐనను లాభ మొకరికిని, నష్ట మింకొకరికిని గలుగునపుడు రెంటిని నొకే త్రాసునఁ దూఁచువా రెవరు? లోకమున వెలువడు ధూమవాయువులలో శాంతమహాసముద్రమందలి వనువాటు దేశము వంతు లేశమాత్రము. సముద్ర మెక్కుచున్నది మాత్రము వారి తీరముపైకి. మాన్పఁదగిన గాయమునకే తూనిక చెల్లవలయును. మానరాని నష్టమునకుఁ దూనిక లేదని చెప్పియుండినచో నవ్యాప్తియు నతివ్యాప్తియు రెండును దొలఁగెడివి.

రెండవది కర్తృవిషయము. రోమ్ శాసనము మనుష్యవ్యక్తులనే విచారించును, వ్యాపారసంఘములను విచారింపదు. కర్మణిప్రయోగమునఁ గర్తను జెప్పక విడుచుట కలదు. 'అడవి నఱకఁబడెను' అనిన వాక్యము పూర్ణమే. నఱికినవాఁడు మాత్రము కనఁబడఁడు. పెద్ద సంఘముల నిర్ణయములును దఱచుగ నిట్లే యుండును. ఒకరు సూచింతురు, ఒకరు లెక్కకట్టుదురు, ఒకరు సంతకము చేయుదురు. ఎఱుక యిట్లు పలువురి నడుమఁ జీలినపుడు 'ఎఱిఁగియు' నను విశేషణ మెవనికిఁ జెల్లును? ఇది లక్షణకర్తల లోపము గాదు. ఆ లక్షణము ప్రవేశింపఁగోరు శాసనము లోపము. ఐనను దానివలన నీ లక్షణమున కవ్యాప్తి సంక్రమించును.

ఉపసంహారము

2024 సెప్టెంబరు 9వ తేదీన వనువాటు, ఫిజీ, సమోవా దేశములు ప్రకృతిహత్యను రోమ్ శాసనమునఁ జేర్పవలయు నని ప్రతిపాదించినవి. ఆ యేఁటనే బెల్జియము తన క్రొత్త శిక్షాస్మృతిలో దీనికిఁ జోటిచ్చినది. రోమ్ శాసనమును మార్చుటకు సభ్యరాజ్యములలో మూఁడింట రెండు వంతుల యామోదము కావలయును. క్రొత్త నేరమును దాని నంగీకరింపని రాజ్యములపై మోపుటయుఁ గష్టము. భారతదేశ మా శాసనమునఁ జేరలేదు. కావున ఫల మల్ప మని కొంద ఱందురు. లక్షణము లేని యపరాధమునకు న్యాయస్థానమున నారోపణయే లేదని వారు గుర్తింపవలయును. జాతిహననమునకు సయితము మొదట శబ్దము, తరువాత లక్షణము, చాలకాలమునకు దండనము వచ్చినవి.

ఈ వాక్యము సవరణార్హమే కాని పరిత్యాజ్యము గాదు. రాజ్యప్రతినిధులు దీనిని జర్చించునపుడు విశేషణముల గాంభీర్యమునకంటె ముందు వాని నడుమనున్న నిపాతమును జూడవలయును. అచట మరల చ-కారము ప్రవేశించినచో, ఏఁబదేండ్ల శ్రమ పిదపఁ బ్రకృతిహత్యకు శాసనమునఁ బేరు మాత్రము మిగులును.